ఘాటు రాని మిరపకాయలు

ఆ రోజు పొద్దున లేస్తూనే బాలవ్వ గట్టిగా అనుకుంది, తన సర్వపిండి తినకుండా మార్తాను ఊరు దాటనివ్వకూడదని. బెల్లంపల్లి బడి పిల్లలకు జీతం తీసుకోకుండా ఇంగ్లీషు చెప్పడానికి పోలండ్ దేశం నుంచి వచ్చిన ఆ పిల్ల రేపటి రైలుకు వెళ్లిపోతుంది. షిఫ్టు దిగిన బొగ్గుబాయి కార్మికులు ఇంటికన్నా ముందు వచ్చేది బడి గేటు ముందున్న బాలవ్వ బండి దగ్గరకే. అలాంటి పిండి వాసన మాత్రం చూసి ఎవరైనా వెళ్లిపోతే బండికి ఏం మర్యాద?

అందుకు అడ్డు మహేశ్వరి టీచర్ ఒక్కతే. మార్తా ఉండేది ఆమె ఇంట్లోనే. బయటి తిండి ముట్టనిచ్చేది కాదు. పెరుగన్నం, ఉడికించిన బీరకాయ, అంతే.

సాయంత్రం బడి విడిచాక టీచర్ మీటింగులో ఇరుక్కుంది. మార్తా గేటు దాటి నేరుగా బండి దగ్గరకు వచ్చింది.

"అవ్వా, ఒక్కటి పెట్టు."

బాలవ్వ పొంగిపోయింది. పొంగిపోయి ఒక పొరపాటు చేసింది. పరదేశపు పిల్ల, నోరు మండుతుందేమోనని కారం లేకుండా పిండి వేరే కలిపింది. పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి, గిన్నె అడుగున చేత్తో అద్ది, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసింది. మార్తా తిని నవ్వింది. మందు మింగినవాళ్లు నవ్వినట్టుంది ఆ నవ్వు. ఆ వెంటనే పక్కన తింటున్న ఎల్లేశం ఆకులో ఉన్న ఎర్రటి సర్వపిండి వైపు వేలు చూపించింది.

"గది వద్దు బిడ్డా, కారముంటది!"

"పెట్టరాదా వదినా? అడిగిన పిల్లకు లేదంటవా?" అన్నాడు ఎల్లేశం. గని పని నుంచి రిటైరైనా అతనికి బండి దగ్గర డ్యూటీ తప్పలేదు.

బాలవ్వ పెట్టింది. మార్తా నాలుగు ముక్కలు గబగబా తిన్నది. ముఖం ఎర్రబడింది, కళ్లూ ముక్కూ కారాయి. బల్ల మీద కూలబడి, నోటి ముందు చేయి విసురుకుంటూ రొప్పుతూ ఉండిపోయింది.

జనం మూగారు. కళ్లు తిరిగాయన్నారు గేటు దగ్గరివాళ్లు. ఆ మాట రోడ్డవతలికి చేరేసరికి పిల్ల పడిపోయిందట అయింది. బస్టాండు దగ్గర ఎవరో అంబులెన్సుకు ఫోను కలుపుతున్నారు.

ఎదురుగా మిర్చి బజ్జీల బండి కైలాసానికి ఇంతకన్నా మంచి రోజు రాలేదు. "గా పిండి ఎప్పటిదో ఏమో!" అన్నాడు అందరికీ వినబడేట్టు.

"పొద్దుగాల పట్టిచ్చిన పిండిరా!" బాలవ్వ గరిటె ఎత్తింది. "గిది పిండితోని కాదు, దిష్టితోని. బజారంత పిల్ల నోట్లెకే చూస్తుంటే తగలదా?"

"అట్లయితే దిష్టి తీసి చూపియ్యి. పొయ్యిల మిరపకాయలెయ్యి. ఘాటు రాకుంటే దిష్టి. ఘాటొస్తే నీ పిండే."

ఆ లెక్క అందరికీ తెలిసిందే. దిష్టి తగిలి ఉంటే కాలిన మిరపకాయ కూడా దగ్గు తెప్పించదు. బాలవ్వ రోషంతో గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి, మార్తా చుట్టూ తిప్పి, బొగ్గుల పొయ్యిలో పడేసింది.

పొగ లేచింది. బాలవ్వ గొంతులో సూదులు గుచ్చుకున్నాయి. పెదాలు బిగించి, ఉన్నదా ఘాటు అన్నట్టు అందరి వైపు తల ఎగరేసింది.

"ఏడిది? నాకైతే మల్లెపూల వాసనొస్తుంది," అన్నాడు ఎల్లేశం. అతని చెంపల మీద కన్నీళ్లు జారుతున్నాయి. బండికి అలవాటైనవాళ్లలో ఒకరు ముఖం తువ్వాలులో దాచుకున్నారు, ఒకరు ఆకాశంలో మబ్బులు చూశారు. దగ్గింది కైలాసం ఒక్కడే.

"చూసిండ్రా! ఘాటు!" అని అరిచాడు.

"అందరికి రాంది నీ ఒక్కనికే ఎట్లొచ్చింది?" అన్నాడు ఎల్లేశం. "దిష్టి పెట్టినోడివి నువ్వే!"

జనం కైలాసం వైపు తిరిగేలోగా మహేశ్వరి టీచర్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగున వచ్చింది.

"ఏం పెట్టినవ్ బాలవ్వా పిల్లకు? రేపటి నుంచి గేటు ముంగట నీ బండి కనబడొద్దు!"

బాలవ్వ జవాబు చెబుదామంటే, నోరు తెరిస్తే దగ్గు వస్తుంది. తప్పు చేసినదానిలా తల వంచుకుని నిలబడింది.

అప్పుడు మార్తా లేచింది. ముక్కు తుడుచుకుంది. పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ వాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు బయటికి తీసింది.

"టీచర్, అవ్వను తిట్టకు. మొదటిది మంచిగ లే, చప్పగున్నది. రెండోది... గిసొంటిది నా జిందగీల తినలే. అవ్వా, ఇంకోటి పెట్టు. కారం జర ఎక్కువెయ్యి."

ఎవరో ఈల వేశారు. బాలవ్వ తప్ప దగ్గు ఆపుకున్నవాళ్లంతా ఒక్కసారి దగ్గారు. ఆ గోలలోనే మార్తా తన ఆకులోంచి ఒక ముక్క తుంచి టీచర్ చేతిలో పెట్టింది. అతిథి పెట్టింది కాదనలేక టీచర్ నోట్లో వేసుకుంది. కళ్లు ఎర్రబడ్డాయి. ఇంకో ముక్క తనే తుంచుకుంది. ఆ తరువాత గొంతు తగ్గించి అడిగింది.

"రేపు బండి ఎన్ని గంటలకు పెడతవు?"

బాలవ్వ కొంగు నడుముకు దోపుకుంది. బజారంతా తన వైపే చూస్తోందని తెలిసి తల పైకెత్తింది. ఠీవిగా నోరు తెరిచింది.

జవాబు రాలేదు. ఘాటు మాత్రం వచ్చింది.