మూడు కాళ్ల నెమలి అంచు

టక్. టక్ టక్. ఠప్.

సూర్యుడికన్నా ముందే ఆ చప్పుడు వీధిలోకి వచ్చేది. ధర్మవరంలో ఆ వీధివాళ్లు కళ్లు తెరవకుండానే పోల్చుకునేవారు, పీరా అట్టలు కొడుతున్నాడని. చీర అంచులో రావలసిన బొమ్మను ముందుగా గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ కాగితాన్ని చూస్తూ, నల్లగడి ఉన్న ప్రతిచోటా పీరా అట్టకు చిల్లు పొడుస్తాడు. ఆ అట్టల దండ మగ్గానికెక్కితే, చిల్లు చెప్పినట్టల్లా దారం లేస్తుంది, దారం లేచినట్టల్లా బొమ్మ పూస్తుంది.

ఈ పనిలో పీరాకు ఒకే నియమం. "నల్లగడి ఉంటే పొడుస్తా, లేకుంటే పొడవను. బొమ్మ బాగుండాదా లేదా అని సూసేది నా పని కాదు."

బొమ్మ సంగతి చూసేది కొడుకు అయాజ్. గొంతు చిన్నది, పట్టుదల పెద్దది. ఒకప్పుడు చేత్తో గీసేవాడు, ఇప్పుడు కంప్యూటర్‌లో గీస్తున్నాడు. దానిలో మొదట ఉన్న దొంగ కాపీ విండోస్‌కు వైరస్ సోకి, కొంతకాలంగా గీసిన లతలనూ హంసలనూ మింగేసింది. అప్పుడు పెనుకొండలో కంప్యూటర్ పాఠాలు చెప్పే స్నేహితుడు చంద్ర ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ తెచ్చి, విండోస్‌ను తుడిచేసి, లినక్స్ వేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా లోపలికి తొంగిచూడవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. అయాజ్‌కు అది నిజాయితీగా నేసిన చీరలా కనిపించింది.

పీరాకు మాత్రం పగవాడిలా కనిపించింది. గడుల కింద బాంబులు దాగి ఉండే ఒక ఆట పాత విండోస్‌లో ఉండేది. జీవితమంతా గడులతో బతికిన మనిషి గనుక, సాయంత్రం పని దిగాక పీరా ఆ ఆటే ఆడేవాడు. ఎక్కువ గడులుండే పెద్ద ఆటను మొదటిసారి గెలవబోతూ మగ్రిబ్ నమాజుకు లేచాడు. తిరిగి వచ్చేసరికి చంద్ర పని ముగించేశాడు. గడులూ లేవు, బాంబులూ లేవు, తెర మీద లినక్స్ గుర్తయిన పెంగ్విన్, ఒక పొట్ట పక్షి, కూర్చుని ఉంది.

"ఆ పేరు నా ఇంట్లో ఎత్తొద్దండి," అని ఆనాడే శాసించాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో లినక్స్‌కు పేరు 'ఆ పక్షిది'.

ఆ సోమవారం ఉదయం అయాజ్ వేసుకున్న పథకం చాలా సాదాది. హిందూపురం పోవడం, లినక్స్‌తో కలిసే ప్రింటర్ ఒకటి కొనడం, సాయంత్రానికి తిరిగిరావడం. ఇన్నాళ్లూ తెర మీది బొమ్మను చూసి చేత్తో గళ్ల కాగితం మీదికి దించుకునేవాడు. ఇప్పుడు మగ్గాల యజమాని గంగాధర్ పెళ్లిచీరకు నెమలి అంచు అడిగాడు. చేత్తో దించాలంటే ఆ నెమలి తోక ఒక్కటే వారం తినేస్తుంది. గురువారానికి అట్టలు అందితే గంగాధర్ ఇకమీదట అంచులన్నీ అయాజ్‌కే ఇస్తాడు. అందకపోతే కంప్యూటర్ అమ్మకానికి, అయాజ్ సిల్కు షాపులో చీరలు మడతపెట్టడానికి. అది తండ్రీకొడుకుల ఒప్పందం.

తల్లి మాబున్నీ కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుడుతూ అడిగింది. "ప్రింటర్ తెచ్చేదానికి కంప్యూటర్‌ను ఎందుకు మోసుకపోయేదిరా?"

"ఆ ప్రింటర్ దీంతో కలుస్తాదో లేదో అంగట్లోనే సూడాలమ్మా. వాళ్ల మాట నమ్మి తెస్తే, ఈడికొచ్చి మూగదై కూచుంటాది."

"ఆ పక్షిదానికి ప్రింటర్ కూడా పత్యేకంగా కావాల్నా?" అన్నాడు పీరా, చెయ్యి ఆపకుండా.

"లినక్స్ నాయనా, దాని పేరు..."

ఠప్. మిగతా మాట ఆ దెబ్బ కింద పడిపోయింది.

మూట భుజానికెత్తుకుని వీధిలోకి వచ్చిన అయాజ్‌కు పక్కింటి అంజినమ్మ ఎదురైంది. ఆమె గంగాధర్ మగ్గాల కొట్టంలోనే నేస్తుంది. "ఏమప్పా, పొద్దున్నే మూట కట్టుకోని యాడికి పోతాండావు?"

"ఈడికే పెద్దమ్మా," అన్నాడు అయాజ్ నేల చూస్తూ, స్టేషన్ వైపు నడక పెంచాడు. దుప్పటి అంచునుంచి వేలాడుతున్న వైరును అంజినమ్మ చూసింది. చూసింది చాలు. కొట్టం చేరేసరికి వార్త తయారైంది. "పీరన్న కొడుకు కంప్యూటర్ అమ్ముకోను పోతాండాడు. మొగం సూడల్ల, పాపం, పండిన నిమ్మకాయ మాదిరి ఉండాది."

గంగాధర్ ఉన్నపళాన పీరా ఇంటికి వచ్చాడు. "ఏం పీరన్నా, పిల్లోడు చేతులెత్తేసినాడంట? ముందే చెప్తే వేరేవాళ్లకు ఇచ్చేవాణ్ని కదన్నా!"

ఇంట్లో ఎంత తిట్టినా, బయటివాడి ముందు పీరా కొడుకును దించడు. "ఎవురు చెప్పింది నీకు? గురువారం కాదు, బుధవారానికే అట్టలు నీ కొట్టంలో ఉంటాయి, పో!" గంగాధర్ సంతోషంగా వెళ్లాడు. ఒక రోజు తగ్గిపోయిందని అయాజ్‌కు చెప్పేవారు లేరు. అతడు రైల్లో మూటను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని పెనుకొండ దాటుతున్నాడు. అక్కడ ఎక్కిన చంద్ర పక్కన కూర్చున్నాడు.

హిందూపురం అంగడి యజమాని మర్యాదస్తుడు. "లినక్సా? ఏ కంపెనీ కంప్యూటరైనా పరవాలేదు సార్. దుడ్లు ఇచ్చి తీస్కపోండి, వైరు గుచ్చండి, అంతే."

"గుచ్చి సూస్తామన్నా," అన్నాడు చంద్ర.

అయాజ్ దుప్పటి విప్పాడు. యజమాని ముఖంలో మర్యాద కొంచెం ముడత పడింది. మొదటి ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు. రెండోది కాగితానికి ఒక్కొక్క అక్షరం చొప్పున ఉమ్ముతూ, పెట్టిన కట్టంతా ఖాళీ చేసి, ఇంకా ఆకలిగా ఎర్రలైటు చూపించింది.

"కంప్యూటర్‌నే మార్చండప్పా," అన్నాడు యజమాని కాగితాలు ఏరుకుంటూ.

"ప్రింటర్‌నే మారుద్దామన్నా," అన్నాడు అయాజ్. ఆ రోజు అతడు తలెత్తి మాట్లాడింది అప్పుడే.

మూడోది అటక మీద, దుమ్ములో, ఎవరో వాపసు చేసి వెళ్లిన సరుకు. దానికి సరిగ్గా సరిపోయే డ్రైవర్, అంటే ప్రింటర్‌తో కంప్యూటర్‌ను మాట్లాడించే చిన్న ప్రోగ్రాం, చంద్ర దగ్గరున్న సీడీలో లేదు. దాని అన్నలాంటి మోడల్‌ది ఉంది. అదే వేశాడు. ప్రింటర్ గుర్రుమంది, మూలిగింది, చివరికి ఒక పేజీ నిండా అక్షరాలు ముత్యాల్లా అచ్చువేసింది. యజమానితో సహా ముగ్గురూ చప్పట్లు కొట్టారు. రైలుకు వేళైంది. అక్షరాలు వచ్చాయి సరే, బొమ్మ ఎలా వస్తుందో చూడాలని ఎవరికీ తోచలేదు.

ఇంటికి వచ్చి, గళ్ల కాగితం పెట్టి, నెమలిని పంపాడు అయాజ్. వచ్చింది. ప్రతి వరుసా కిందివరుసకన్నా కొంచెం పక్కకు జారి వచ్చింది. మెడ ఒకచోట, కన్ను ఇంకొకచోట, తోక వానజల్లులా ఏటవాలుగా వచ్చింది. కాళ్లు మూడు. మళ్లీ పంపాడు. మళ్లీ అంతే, మూడే. దొంతరగా పేరుకున్న మూడు కాళ్ల నెమళ్లను బల్ల మీద పెట్టి, అయాజ్ పళ్లు బిగించాడు. చంద్ర పాఠాలు చెప్పే సంస్థలో ఇంటర్నెట్ ఉంది. సరైన డ్రైవర్ దొరికేదాకా అక్కడినుంచి కదలకూడదనుకుని, మరుసటి ఉదయం మళ్లీ పెనుకొండకు బయలుదేరాడు.

"అచ్చయిందా?" అన్నాడు పీరా, అట్టలు కొట్టే మిషన్ ముందు కూర్చుని.

"అయింది నాయనా. కానీ అది..."

ఠప్.

పీరాకు 'అయింది' వినిపించింది, అంతవరకే వినిపించింది. గంగాధర్‌కు ఇచ్చిన మాట గుర్తుంది, బల్ల మీద కాగితాలు ఉన్నాయి. మాబున్నీ తొంగిచూసి అంది. "ఏమండీ, ఈ నెమలికి కాళ్లు మూడుండాయే!"

"మూడు గీసినాడంటే మూడు కావాలనే గీసుంటాడు. నల్లగడి ఉండాది, పొడుస్తాండా."

టక్. టక్ టక్. ఠప్. ఇచ్చిన మాట ప్రకారం బుధవారం ఉదయానికి అట్టల దండ గంగాధర్ కొట్టం చేరింది. గంగాధర్ ఊళ్లో లేడు. మగ్గం మాత్రం సిద్ధంగా ఉంది.

చంద్రా అయాజూ ఇంటర్నెట్‌లో వెదికి, దించుకుని, కుదరక, మళ్లీ వెదికి, చివరికి పట్టారు. గురువారం మధ్యాహ్నం అయాజ్ ఇంటికి వచ్చి సరైన డ్రైవర్ వేశాడు. ప్రింటర్ ఒక్కసారి గొంతు సవరించుకుని, నెమలిని ఈకలతో సహా, రెండే కాళ్లతో, నిటారుగా నిలబెట్టింది. ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని తండ్రి దగ్గరికి పరుగెత్తాడు.

"నాయనా! ఇదిగో నెమలి! ఇంక అట్టలు కొట్టొచ్చు!"

పీరా కాగితాన్ని చూశాడు. కొడుకును చూశాడు. "ఇది నెమలైతే, నేను కొట్టింది ఏమిరా?"

ఇద్దరూ చెప్పులు కూడా తొడుక్కోకుండా గంగాధర్ కొట్టానికి పరుగెత్తారు.

అక్కడ అంజినమ్మ మగ్గం మీద మూర పొడవు అంచు అప్పటికే తేలింది. మూడు కాళ్ల నెమళ్లు బంగారు జరీలో ఏటవాలుగా సాగిపోతున్నాయి. ఊరినుంచి తిరిగివచ్చిన గంగాధర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఏం పీరన్నా, ఇదేం నెమలి? దీనికేం రోగం?"

"నన్నంటే ఏం లాభమన్నా?" అంది అంజినమ్మ, అడగకుండానే. "అట్టల్లో ఎట్లుంటే అట్ల నేసినా."

"నల్లగడి ఎట్లుంటే అట్ల పొడిసినా," అన్నాడు పీరా.

కంప్యూటర్ అమ్మకానికి పోవడమూ, షాపులో తాను చీరలు మడవడమూ అయాజ్ కళ్లముందు కనిపించాయి. అయినా సరైన నెమలి కాగితాన్ని గంగాధర్ ముందు పెట్టాడు.

అప్పుడే పెళ్లిచీర ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి పెళ్లికూతురి అవ్వ వెంకటలక్ష్మమ్మ లోపలికి వచ్చింది. నేరుగా మగ్గం మీదికి వంగింది. వంగి, చాలాసేపు లేవలేదు. గంగాధర్ క్షమాపణకు గొంతు సవరించుకున్నాడు.

"ఇన్ని చీరలు కట్టినా గానీ," అందామె, "అన్నిట్లోనూ నెమలి నిలబడే ఉంటాది. ఇది ఆడతాండాది సూడు!"

"అవ్వా, అసలుది ఇది," అన్నాడు అయాజ్ కాగితం చూపిస్తూ.

ఆమె దాన్ని చూసి పక్కకు తోసింది. "ఇది మా అత్త చీరలో ఉన్నిందే. గంగాధరా, నాకు ఈ ఆడే నెమలే కావాల. కొంగుకు కూడా ఇట్లనే ఉండాల. ఇంటి ఆడోళ్లందరికీ ఇదే నేయించు."

గంగాధర్ చెయ్యి నెత్తిమీదినుంచి అయాజ్ భుజం మీదికి దిగింది. "ఇంక అంచులన్నీ నువ్వే సూసుకోవాలప్పా. కొంగుకు కూడా ఇట్లనే జార్చు. కాళ్లు మూడుకు తగ్గొద్దు."

జార్చడం అయాజ్ చేతిలో ఉన్న విద్య కాదు, అది ఆ తప్పు డ్రైవర్ విద్య. వీధి చివరి టెలిఫోన్ బూత్‌నుంచి చంద్రకు ఫోన్ చేశాడు.

"పని చేస్తాండే డ్రైవర్‌ను తీసేయల్లా?" అవతలినుంచి చంద్ర గొంతు పగిలింది. "రెండు దినాలు నిద్రల్యాకుండా వెదికితిమి కదబ్బా! ఎందుకు?"

"మంచిగా పని చేస్తాండాది. అందుకే," అన్నాడు అయాజ్.

అతడు తిరిగి వచ్చేసరికి కొట్టంలో మరొక సమస్య లేచి ఉంది. కొత్త అంచుకు పేరు కావాలి. పేరు లేని చీరను అంగట్లో ఎవరూ అడగలేరు. మొదటి అట్టలు కొట్టినవాడే పేరు పెట్టడం గంగాధర్ కొట్టంలో ఆనవాయితీ. అందరూ పీరా వైపు తిరిగారు.

"మీ వోని పేరే పెట్టన్నా," అన్నాడు గంగాధర్.

పీరా తల అడ్డంగా ఊపాడు. "వాడు గీసింది ఇది కాదు. నేను గీయలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాల." గెలవబోయిన ఆట ఒకటి ఆయన కళ్లముందు గడి గడిగా మెదిలి మాయమైంది. పెదవులు ఒకసారి కదిలి ఆగాయి. అంజినమ్మ మగ్గం ఆపి చూసింది.

"లినక్స్," అన్నాడు పీరా.