తుడవకూడని తుపాకీ

ఆ శనివారం ఉదయం ఇంట్లో ఉన్నది ఒట్మార్, అతని భార్య రోస్విటా, ఆమె తమ్ముడు గెర్నోట్, పొట్టికాళ్ళ కుక్క ట్రూడి, పొయ్యి మీద ఉడుకుతున్న అడవిపంది మాంసం, బల్ల మీద ఒక పాత వేట తుపాకీ. పదకొండు గంటలకు పట్నంలోని మ్యూజియం నుంచి డాక్టర్ హాగెడోర్న్ వస్తుంది. తుపాకీ చూస్తుంది, భోంచేస్తుంది, వెళ్ళిపోతుంది. అంతే ఏర్పాటు.

ఆ తుపాకీకి ఇనుము పని ఎవరిదో కానీ, చెక్క పని ఒట్మార్ తండ్రి ఆల్బిన్‌ది. అక్రోటు చెక్కను గురిపెట్టేవాడి చెంపకు సరిగ్గా ఆనేలా మలచడం ఆయన వృత్తి. అలాంటి పనివాళ్ళ పేర్లతో మ్యూజియంలో ఒక గోడ సిద్ధమవుతోంది. పేరు ఎక్కాలంటే ఆ మనిషి చేసిన తుపాకీ ఒకటి, భాగాలేవీ మారకుండా, ఒరిజినల్‌గా ఉండాలి. శ్మశానంలో ఆల్బిన్ సమాధి చోటుకు కట్టిన అద్దె గడువు తీరిపోయి పోయినేడే రాయి తీసేశారు. ఇప్పుడు ఆయన పేరు ఎక్కడా లేదు. ఈ గోడ కూడా తప్పిపోతే ఇక ఉండదని ఒట్మార్ దిగులు.

డాక్టర్ ఫోన్‌లో ఒకే మాట చెప్పింది. "దేన్నీ తుడవకండి. దుమ్ము కూడా." ఆ మాట ఒట్మార్ ఎవరికీ చెప్పలేదు. తనకు తుడిచే ఆలోచన లేదు కదా అనుకున్నాడు. తుపాకీని ఇనుప బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టి, "కాస్త చూస్తుండు" అని భార్యకు చెప్పి కోళ్ళ దగ్గరకు వెళ్ళాడు.

రోస్విటా చూసింది. పట్నం నుంచి మనిషి వస్తోందని ఆమె అప్పటికే కిటికీలు తుడిచింది, మెట్లు కడిగింది, గేటు కూడా తోమింది. బల్ల మీద మాత్రం ఏళ్ళ తరబడి చేతుల జిడ్డు పట్టి నల్లబడ్డ వస్తువు ఒకటి పడి ఉంది. సబ్బు నీళ్ళు, బ్రష్షు తెచ్చింది. చివర్న మైనం కూడా రుద్దింది.

ఒట్మార్ గుడ్లతో తిరిగి వచ్చి, తుపాకీని చూసి, గుడ్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"తుడిచావా?"

"మరి? నీ కోళ్ళు తుడుస్తాయా?" అని రోస్విటా క్యాబేజీ ఊరగాయ కోసం నేలమాళిగలోకి దిగింది.

పెళ్ళయినప్పటి నుంచి ఆమె శుభ్రత మీద ఒట్మార్ ఒక్క మాట అన్నది లేదు. ఆ రోజు మొదలుపెట్టడానికి కూడా ధైర్యం చాలలేదు. గెర్నోట్‌ను నిద్ర లేపి సంగతి చెప్పాడు. గెర్నోట్ నాటకశాలలో తెరలకు రంగులు వేసి రిటైరైనవాడు.

"కంగారు పడకు బావా. నాటకం కోసం అప్పుడే కట్టిన కోటకు ఒక్క పూటలో ఐదొందల ఏళ్ళు తెప్పించాను. ఇదెంత."

కాఫీ మడ్డి, పొయ్యిలోని మసి, బాతు కొవ్వు కలిపి చెక్కకు పట్టించాడు. నిజంగానే చెక్క నల్లబడింది. ఇద్దరూ తృప్తిగా పెరట్లోకి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

రోస్విటా ఊరగాయ జాడీతో పైకి వచ్చింది. తుపాకీ మీద తమ్ముడి వేలిముద్రలు స్పష్టంగా ఉన్నాయి.

"అరవై ఏళ్ళొచ్చినా చేతులు కడుక్కోకుండా అన్నీ ముట్టుకుంటాడు," అనుకుని ఈసారి వేడి నీళ్ళే వాడింది.

మగవాళ్ళు తిరిగి వచ్చేసరికి తుపాకీ మళ్ళీ తళతళలాడుతోంది, గుమ్మం దగ్గర గంట మోగుతోంది. పావుగంట ముందే వచ్చేసింది డాక్టర్. రోస్విటా తలుపు తీయడానికి వెళ్ళింది. గెర్నోట్ చుట్టూ చూశాడు. ముదురు రంగులో కనిపించింది ఒక్క మాంసం గ్రేవీయే. గరిటెడు తీసి చెక్క మీద పోసి అరచేత్తో రుద్దాడు.

డాక్టర్ హాగెడోర్న్ సన్నటి, నిదానమైన మనిషి. చేతికి తెల్ల తొడుగులు వేసుకుని తుపాకీ మీదికి వంగింది. బల్ల పక్కనున్న కుర్చీ ఎక్కి ట్రూడి కూడా వంగింది. డాక్టర్ చెక్కను చూస్తుంటే ట్రూడి దాన్ని నాకడం మొదలుపెట్టింది.

"పాత తుపాకీ అంటే దానికి ప్రాణం," అన్నాడు గెర్నోట్.

ఒట్మార్ ఇక ఆగలేకపోయాడు. తండ్రి పేరు పంది మాంసం గ్రేవీ కింద గోడెక్కడం అతనికి మింగుడు పడలేదు. "డాక్టరమ్మగారూ, ఇది గ్రేవీ. దాని కింద సబ్బు. దాని కింద కాఫీ. దాని కింద మళ్ళీ సబ్బు. మా నాన్న ఎంత కింద ఉన్నాడో నాకు తెలీదు."

"కాఫీ ఏంటి?" అంది రోస్విటా.

గెర్నోట్ చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"సబ్బు వాసన గేటు దగ్గరే వచ్చింది," అంది డాక్టర్. "ఈ చుట్టుపక్కల ఇల్లాలు తుడవని తుపాకీని నేనింకా చూడలేదు. పైపూత పోతే పోయింది, నష్టమే. నేను చూడవలసింది లోపల."

తుపాకీ భుజానికి ఆనే చివరన ఉన్న రేకును మరలు విప్పి తీసింది. సబ్బు గానీ గ్రేవీ గానీ చేరని, పూత లేని చెక్క కనిపించింది. దాని మీద కొట్టిన అంకె, గొట్టం మీది అంకె, తూటా పెట్టే చోటి మూత మీది అంకె ఒక్కటే. అంకె కింద ఆల్బిన్ ముద్ర ఉంది. ఆమె మూడుసార్లు సరిచూసి తలెత్తింది.

"ఒరిజినలే. ఆయన పేరు ఎక్కుతుంది."

ఒట్మార్ ట్రూడిని ఎత్తుకుని చాలాసేపు దాని చెవులు నిమిరాడు.

"అయితే ఒక షరతు," అంది డాక్టర్. "ఇక ఎవరూ ముట్టుకోవద్దు. వచ్చింది వచ్చినట్టే గాజు పెట్టెలో పెడతాం. శుభ్రం చేయడం మా పద్ధతిలో, నెమ్మదిగా. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు."

రోస్విటా ముఖం మారింది. "వచ్చింది వచ్చినట్టే అంటే?"

"ఇప్పుడున్నట్టే."

"ఊరంతా చూడ్డానికి వస్తుంది. కింద మా ఇంటి పేరుంటుంది."

"ఉంటుంది."

"పైన గ్రేవీ ఉంటుంది."

"ఉంటుంది."

"రోస్విటా," అన్నాడు ఒట్మార్ మెల్లగా, "పోనీలే."

అందరూ భోజనానికి కూర్చున్నారు. గ్రేవీ ఎవరూ వడ్డించుకోలేదు. డాక్టర్ తుపాకీని పెట్టెలో పెట్టుకుని కారు దగ్గరకు నడిచింది. రోస్విటా తడిగుడ్డతో వెంటపడింది.

"ఒక్కసారి, డాక్టరమ్మా. పైపైన. చెంప దగ్గర మాత్రం."

"క్షమించాలి," అని డాక్టర్ లోపల కూర్చుని, ఆమె ముఖం మీదే కారు తలుపు వేసుకుంది. గుడ్డ చేతిలోనే ఉంది కాబట్టి రోస్విటా అద్దం తుడిచింది.