నాలుగు చిల్లుల మోటారు

మనిషి పేరు లేకుండా పుట్టవచ్చు, ఇల్లు లేకుండా బతకవచ్చు, ఆరోగ్యం లేకుండా చాలాకాలం నెట్టుకురావచ్చు. కానీ తయారీదారు పేరు, మోడలు, వరుస సంఖ్య చెక్కిన ప్లేటు లేకుండా ఏ మోటారూ నీళ్లలో తోక ముంచరాదని జలవాహన యంత్రాల నమోదు కార్యాలయం ఎప్పుడో తేల్చేసింది. నాగరికతకీ మునకకీ మధ్య నిలబడి ఉన్నది ఆ ప్లేటేనని అక్కడి గోడ మీద రాసి ఉంటుంది. (చెమ్మకి సున్నం పెచ్చులూడి 'నాగరికత' రాలిపోయింది. మునక మాత్రం స్పష్టంగా ఉంది.)

గడియారాలు బాగుచేసే ఆయనకి ఈ నియమంతో ఏ పనీ పడకుండానే యాభై ఎనిమిదేళ్లు గడిచాయి. ఆయన లోకమంతా కంటికి బిగించుకున్న భూతద్దంలో ఇమిడిపోయేది. అవసరం భార్య తరఫున వచ్చింది. సరస్సుకి అవతలి ఒడ్డున ఆవిడ పిన్ని ఒక్కతే ఉంటోంది. తల్లి పోయాక ఆవిడని పెంచి పెద్దచేసింది ఆ పిన్నే. ఎనభై రెండేళ్ల మనిషి, ఈమధ్యే స్నానాల గదిలో జారిపడి మోకాలు వాచేలా దెబ్బ తగిలించుకుంది. వచ్చి మా దగ్గర ఉండమని భార్యాభర్తలిద్దరూ ఏడేళ్లుగా బతిమాలుతుంటే ఇన్నాళ్లకి ఫోనులో సరేనంది. చలి మొదలయ్యేలోపు తీసుకెళ్తే వస్తాననీ, ఆ తర్వాత తన మనసు ఎటు తిరుగుతుందో తనకే తెలియదనీ కూడా చెప్పేసింది.

తీసుకురావడం ఎలాగన్నదే చిక్కు. చుట్టూ తిరిగి వచ్చే దారిలో వంతెన మరమ్మతులో ఉంది. మరమ్మతు పరిశీలనలో ఉంది. లాంచీ సర్వీసుని ప్రయాణికుల సౌకర్యార్థం ఎత్తేశారు. చేపలు పట్టే పడవల్లో చేపలు తప్ప ఇంకెవరూ ప్రయాణించరాదు. తెడ్లు వేసుకుంటూ మూడు మైళ్లు వెళ్లడానికి ఆయన నడుము ఒప్పుకోలేదు. ఇక మిగిలింది భార్య తాతగారి పాత పడవా, షెడ్డులో గోనెపట్టా కింద ముప్పై ఏళ్లుగా నిద్రపోతున్న దాని మోటారూ.

ఆయన పదకొండు రోజులు దానితోనే కూర్చున్నాడు. కార్బొరేటరులో కందిరీగలు కట్టుకున్న గూడు తీశాడు. ప్లగ్గు గీకాడు, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకి కొత్త తీగ చుట్టాడు, పీపాలో నీళ్లు పోసి మోటారుని దాని అంచుకి బిగించి తాడు లాగాడు. తొమ్మిదోసారికి అది దగ్గింది, పదోసారికి తుమ్మింది, పదకొండోసారికి పీపాలో నీళ్లన్నీ ఎత్తి పక్కింటి గోడ మీద పోసింది. నలభై ఏళ్లుగా టిక్కు టిక్కుమనే వస్తువులతో కాపురం చేసిన మనిషి, తలనుంచి నీళ్లు కారుతుండగా, ఆపడం మరిచిపోయి అలా చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆపింది పక్కింటావిడ.

మర్నాడే నమోదుకి వెళ్లాడు. కిటికీ వెనక గుమాస్తా దరఖాస్తు మీద వేలు ఆనించి ప్లేటు వివరాలేవని అడిగాడు.

"ప్లేటు లేదండీ. దాని మీద ఎక్కడా పేరు లేదు. మూత మీద నాలుగు చిల్లులున్నాయి, అంతే."

"చిల్లులున్నాయంటే ప్లేటు ఉండేదన్నమాట. ఉండాల్సిన ప్లేటు లేదంటే పోయిందన్నమాట. అది దొరికేదాకా దాన్ని మేం మోటారు అనలేం."

"మరేమంటారు?"

"చిల్లులు అంటాం," అన్నాడు గుమాస్తా, ఆ మాటే రాసుకుంటూ.

అయితే కార్యాలయం కర్కశమైనది కాదు. గుర్తు తెలియని యంత్రాలని ఫొటో చూసి గుర్తుపట్టే యాప్ ఒకటి పెట్టింది. ఆయన ఫొటో తీసి పంపితే, ఇది డెబ్బై ఒక్క శాతం సీలింగ్ ఫ్యాన్ అని జవాబు వచ్చింది. మోటారు పడిపోకుండా పట్టుకుని నిలబడ్డ భార్యని మాత్రం తొంభై నాలుగు శాతం పడవ మోటారుగా గుర్తించింది. (ఆ ఫలితాన్ని ఆయన ఇంట్లో చూపించలేదు.)

తర్వాత పాత మోటార్ల మీద ప్రాణం పెట్టే పెద్దమనుషులు కొందరు ఇంటర్నెట్టులో నడుపుతున్న బృందంలో చేరాడు. వాళ్లు ఎంతో ఆదరించారు. ఫ్లైవీలు పళ్లు లెక్కపెట్టమన్నారు, పంకా రెక్కల మధ్య దూరం కొలవమన్నారు, ఇంధనపు తొట్టిని వేలితో కొట్టి ఏ శబ్దం వస్తుందో రాయమన్నారు. పైభాగాన్ని బట్టి ఇది యుద్ధానికి ముందుదని ఒకాయన, నీళ్లలోకి దిగే కాలిని బట్టి తర్వాతదని ఇంకొకాయన, మూతని బట్టి యుద్ధం జరుగుతుండగానే చేసిందని మూడో ఆయన వాదించారు. నాలుగు చిల్లుల మీద నూట అరవై సందేశాలు నడిచాయి. అన్నదమ్ముల పొలం గట్టు తగాదా కూడా అంత దూరం పోదు. ఇద్దరు బృందం వదిలి పోయారు; ఆ ఇద్దరూ కలిసి చిల్లుల కోసమే వేరే బృందం పెట్టుకున్నారు.

ఈలోగా పొద్దున్నే కిటికీ అద్దాలకి మంచు పట్టడం మొదలైంది. భార్య పిన్నికి ఫోను చేసి మోటారు సంగతంతా చెప్పింది. అదేమిటో తనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని పిన్ని విసుక్కుంది. భార్యాభర్తల ప్రాణం లేచి వచ్చింది. కానీ కార్యాలయంలో అడిగితే, నోటి సాక్ష్యం చెల్లుతుందనీ, సాక్షీ మోటారూ ఒకేచోట ఉండగా పరిశీలకుడి ఎదుట చెబితేనే చెల్లుతుందనీ తెలిసింది. సాక్షి రావాలంటే మోటారు నడవాలి. మోటారు నడవాలంటే సాక్షి రావాలి. ఈ ఏర్పాటులో ఎక్కడా లోపం లేదని గుమాస్తా రెండుసార్లు చదివి మరీ చెప్పాడు.

ఆ సాయంత్రం ఆయన మోటారు మీద గోనెపట్టా కప్పేశాడు. భార్య మాత్రం నిబంధనల పుస్తకం తెచ్చుకుని బల్ల ముందు కూర్చుంది. ఆవిడ ఇరవై ఆరేళ్లుగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతోంది. ఎవరూ చదవని చోటే అసలు సంగతి ఉంటుందని ఆవిడకి తెలుసు. నలభై రెండో పేజీ అడుగున, చీమ తలంత అక్షరాల్లో, దొరికింది: విచారణలో ఉన్న మోటారుని విచారణ నిమిత్తం నడపవచ్చు, పరిశీలకుడు ఆ పడవలో ఉన్నట్లయితే.

"ఏవండీ, ఆ పట్టా తీసేయండి," అంది ఆవిడ.

పరిశీలకుడు దొడ్డ మనిషి, నెమ్మదస్తుడు. పన్నెండేళ్లుగా జలవాహనాలు తనిఖీ చేస్తున్నాడు గాని నీళ్ల మీదికి వెళ్లింది లేదు. శాఖకి సొంత పడవ ఉంది. దాని ప్లేటు తళతళలాడుతూ ఆఫీసు గోడకే ఉంది. మోటారు మరమ్మతుకి వెళ్లి పదమూడేళ్లయింది. ఆయన సంచీ ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులా పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు. గడియారాలాయన భార్యని కూడా ఎక్కించుకుని తాడు లాగాడు. మోటారు దగ్గింది, తుమ్మింది, పడవ ముక్కు ఎత్తి పరుగందుకుంది.

మొదటి మైలు పరిశీలకుడు కళ్లు తెరవలేదు. రెండో మైల్లో తెరిచాడు. మూడో మైల్లో టోపీ గాలికెగిరి నీళ్లలో పడితే, శాఖాపరమైన ఆస్తి అయినా సరే, వెనక్కి తిప్పవద్దనీ, వీలైతే ఇంకాస్త వేగంగా పోనిమ్మనీ అన్నాడు. (నివేదికలో ఆ టోపీ 'విచారణ నిమిత్తం వినియోగించబడినది'.)

పిన్ని రేవులో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది, పక్కన ట్రంకు పెట్టె. పడవ ఇంకా చుక్కంత ఉండగానే చప్పుడు గుర్తుపట్టిందట. చెంపలు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఇది మా నాన్న మోటారు. కొన్నది కాదు, చేసింది. చచ్చిపోయిన మోటార్లు మూడు తెచ్చి, తల ఒకదానిది, కాలు ఒకదానిది, నడుం ఒకదానిది కలిపి బతికించాడు. మూత మాత్రం మా అమ్మ గిన్నెది. దానికోసం మా అమ్మ ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు."

"ఆ నాలుగు చిల్లులూ?" అని గడియారాలాయన అడిగాడు.

"చొక్కా తగిలించుకోడానికి కొక్కెం బిగించాడు, అల్లుడూ. నూనె మరకలయితే మా అమ్మ ఊరుకునేది కాదు."

పరిశీలకుడు అంతా రాసుకుని, సాక్షి సంతకం పెట్టించి, ఇక సాక్షి గుర్తింపు పత్రం ఇస్తే సరిపోతుందన్నాడు. పిన్ని దగ్గర ఏ పత్రమూ లేదు. పుట్టిన రోజు పెద్ద వాన అని మాత్రం వాళ్లమ్మ చెప్పేదట. పుట్టుక నమోదు కాగితాలున్న కచేరీ మరో వానకి కొట్టుకుపోయింది. పింఛను కోసం పెట్టిన అర్జీలన్నీ, బతికి ఉన్నట్టు ఆధారం జతచేయలేదని తిరిగొచ్చాయి. ఆ సంగతి ఆవిడ కోపం లేకుండా, వర్షపాతం చెప్పినట్టు చెప్పింది.

పరిశీలకుడు సంచీ అంతా వెతికాడు. అందులో మోటార్ల నమోదు ఫారాలు తప్ప ఇంకేమీ లేవు. సరస్సు మీదనుంచి చలిగాలి వచ్చి కాగితాలని కదిపింది. ప్రూఫులు దిద్దే ఆవిడ ఒక ఫారం తీసి ఆసాంతం చదివింది.

"ఇందులో మోటారు అన్న మాట పైన శీర్షికలో తప్ప ఎక్కడా లేదండీ," అంది.

పరిశీలకుడు ఆ ఫారం అందుకుని సంచీ మీద పరుచుకున్నాడు. తర్వాత కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. తయారీదారు: తండ్రి. తయారైన సంవత్సరం: వాన. ప్రస్తుత స్థితి: ఒక కీలు వాపు, మిగతా సంతృప్తికరం. శబ్దం అన్న గడి దగ్గర ఆగి పిన్నిని చూశాడు. దాని సంగతి తనకెందుకు, అల్లుణ్ణి అడగమంది పిన్ని. అల్లుడు తల వంచుకుని, పరిమితిలోనే ఉంటుందని చెప్పాడు.

సాక్ష్యాన్ని విచారణాధికారి వెంట భద్రంగా తరలించాలని నిబంధనల్లోనే ఉంది కాబట్టి, పిన్నినీ ట్రంకు పెట్టెనీ పడవలోకి దించారు. తిరుగు ప్రయాణంలో ఆవిడ ముందు కూర్చుంది. మూడు మైళ్లూ ఎడమకి తిప్పు, కుడికి తిప్పు అంటూనే ఉంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. బోడితలతో కూర్చున్న పరిశీలకుడైతే ఇంకో చుట్టు వేస్తే విచారణ మరింత సమగ్రంగా ఉంటుందేమోనన్నాడు. వేశారు.

చలికాలం మధ్యలో పోస్టులో రెండు కవర్లు వచ్చాయి. మొదటిదాంట్లో, మోటారుకి ముగ్గురు తయారీదారులూ ఒక గిన్నె ఉన్నట్టు తేలినందున దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉన్నదనీ, విచారణ నిమిత్తం నడపడం కొనసాగించవచ్చుననీ, ప్రతి ఆదివారం పరిశీలకుడు స్వయంగా హాజరవుతాడనీ ఉంది. రెండోది పిన్నికి. ముద్రతో, సంతకంతో, వరుస సంఖ్యతో నమోదు ధ్రువపత్రం. సూర్యాస్తమయం తర్వాత తిప్పరాదు, ఇద్దరికి మించి ఎక్కించరాదు.

పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివి, మడత పడకుండా ట్రంకు పెట్టెలో అన్నిటికన్నా అడుగున పెట్టింది. తాను ఉన్నానని ఒక కార్యాలయం ఎనభై రెండేళ్లలో ఒప్పుకున్న మొదటి కాగితం అది. చెల్లుబాటు మూడేళ్లు.