పెన్‌డ్రైవ్‌కు ప్రవేశం లేదు

పెన్‌డ్రైవ్ లేకుండా పెన్‌డ్రైవ్‌ని పని చేయించడమే అసలైన ఇంజనీరింగ్! చేతిలో ఉంటే ఎవరైనా చేస్తారు. ఈ మహాసత్యం హైటెక్ సిటీలోని ఒకానొక కంపెనీకి తప్ప ఇంకెవరికీ తట్టకపోవడం మన దౌర్భాగ్యం.

ఆ కంపెనీలో కెజియాకు ఉద్యోగం వచ్చింది. పని చాలా చిన్నది. అరచేతిలో పట్టే ఒక లైనక్స్ బోర్డు, అంటే బుల్లి కంప్యూటర్, దానికొక యూఎస్‌బీ పోర్టు. పెన్‌డ్రైవ్ గుచ్చితే బోర్డు గుర్తుపట్టాలి, అంతే. శుక్రవారం క్లయింటు ముందు గుర్తుపడితే ఉద్యోగం పర్మనెంటు. లేదంటే మూసాపేట హాస్టల్ ఖాళీ చేసి ఏలూరు బస్సెక్కడమే.

కెజియా బోర్డు సాఫ్ట్‌వేర్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లో నిద్రపోతున్న యూఎస్‌బీ డ్రైవర్ ప్రోగ్రాములన్నిటినీ తట్టిలేపింది. ఇక గుచ్చి చూడటమే మిగిలింది. పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని హుషారుగా వస్తే, గేటు దగ్గర సెక్యూరిటీ రామన్న ఆపేశాడు.

“ఇది లోపటికి పోదు మేడం.”

“దీన్ని పని చేయించడమే నా ఉద్యోగమండీ!”

“మీ ఉద్యోగం లోపటికి పోతది. గిది పోదు.”

తప్పేముంది చెప్పండి? కంపెనీ రహస్యాలు ఎవరైనా ఎత్తుకుపోతే? ఆ మధ్య మెమరీ ఉంటుందేమోనని చేతి గడియారాలు కూడా విప్పించారు. తలకాయలో కూడా మెమరీ ఉంటుందని ఇంకా ఎవరికీ తట్టలేదు కాబట్టి ఉద్యోగులు ప్రస్తుతానికి తలలతోనే లోపలికి వెళ్తున్నారు.

పోనీ బోర్డునే హాస్టల్‌కి తీసుకెళ్తానంది. మేనేజర్ ఆనందరావు గుండె పట్టుకున్నాడు.

“అమ్మా కెజియా! బోర్డు గేటు దాటితే దాని వెనకాలే నేనూ దాటాల్సొస్తుంది. లోపలే కూర్చుని ఏదో ఒకటి చెయ్యమ్మా.”

ఏదో ఒకటి! ఇంత స్పష్టంగా దారి చూపించే మేనేజరు ఎంతమందికి దొరుకుతాడు?

కెజియాకు ఒళ్లు మండిపోయింది. గురువారం సాయంత్రం బోర్డును, ల్యాప్‌టాప్‌ను గేటు దాకా మోసుకొచ్చి లోపలివైపు బల్ల మీద పెట్టింది. పెన్‌డ్రైవ్‌ను బయట రామన్న కుర్చీలో కూర్చోబెట్టింది. రెండింటి మధ్య గేటు కింద నుంచి పొడుగాటి కేబుల్ లాగింది. రామన్న వంగి అటూ ఇటూ చూశాడు. పెన్‌డ్రైవ్ బయటే ఉంది. బోర్డు లోపలే ఉంది.

“రూల్ల కేబుల్ ముచ్చట లేదు మేడం. కానియ్యుండ్రి.”

బోర్డు మీద లైటు వెలిగింది. ల్యాప్‌టాప్ తెర మీద ఫైళ్ల పేర్లు బిలబిలా వచ్చేశాయి. “దేవా, నీకు స్తోత్రం!” అని కెజియా గేటు దగ్గరే ఏడ్చేసింది.

శుక్రవారం డెమో కూడా గేటు దగ్గరే జరిగింది. క్లయింటు లోపలికీ బయటికీ తిరిగి చూసి తెగ మెచ్చుకున్నాడు.

“అద్భుతం! కానీ మా ఆఫీసులోనూ పెన్‌డ్రైవ్‌లు నిషేధమండీ. బోర్డులు పంపేముందు ఆ పోర్టు మూసేయండి.”

“మరెందుకు అడిగారండీ?” అంది కెజియా, ఉండబట్టలేక.

“స్పెసిఫికేషన్‌లో ఉంది కదమ్మా!”

క్లయింటు కారెక్కగానే ఆనందరావు పొంగిపోయాడు.

“నీ ఉద్యోగం పర్మనెంటమ్మా! ఇక మీదట ఏ బోర్డులోనూ ఆ పోర్టు పని చేయకుండా చూసే బాధ్యత నీదే. నీకంటే దాని సంగతి తెలిసినవాళ్లు ఎవరున్నారు?”

పోర్టులు పూడ్చడానికి లప్పం డబ్బాలు ఆ సాయంత్రమే వచ్చాయి. గేటు దగ్గర వాటిని ఎవరూ ఆపలేదు.