చప్పట్లకు ముందరి భాగం

జాజ్ సంగీత ప్రియులకు శుభవార్త. ట్రంపెట్ బావ, డ్రమ్ముల బావమరిది కలిసి జీవితమంతా వాయించిన వాటిలోంచి ఆణిముత్యాలు ఏరి, ఒకే సంకలనంగా విడుదల చేయాలని రికార్డు కంపెనీవారు నిర్ణయించారు. ఏరే భారం బావగారే భుజాన వేసుకున్నారు. ముత్యాలన్నీ ట్రంపెట్‌లోంచే రాలడం కేవలం యాదృచ్ఛికం.

బావమరిదికి అత్యాశ లేదు. ప్రతి కచేరీలోనూ తానొక్కడే వాయించే సోలో ఒక్కటంటే ఒక్కటి మొదటినుంచి చివరిదాకా అందులో ఉండాలి. తన వాయింపు నలుగురూ కుదురుగా కూర్చుని వింటే చాలు, జన్మ ధన్యం.

పాత టేపులన్నీ తిరగేశారు. ఏ టేపులో చూసినా సోలో మొదలవుతుంది, టక్కున తెగుతుంది, వెంటనే చప్పట్లు. కారణం కనిపెట్టడానికి విచారణ సంఘం అక్కర్లేకపోయింది. డ్రమ్ సోలో అంటే ఆ బృందంలో అనాదిగా టీ వేళ. బావగారు వెళ్తారు, పియానో ఆయన వెళ్తాడు, శ్రోతలు వెళ్తారు. రికార్డు చేసేవాడు మాత్రం మనిషి కాడా? అతనూ మిషను ఆపి వెళ్తాడు. తిరిగొచ్చి అందరూ చప్పట్లు కొడతారు. మర్యాదస్తులు.

"పోనీ ఇప్పుడు కొత్తగా వాయిస్తాను బావా."

"పాతవాటి సంకలనంలో కొత్తదెలా పెడతాంరా? జనాన్ని మోసం చేసినట్టు కాదూ? ఆ చప్పట్లు మాత్రం వేయిద్దాంలే. అవి నీవేగా."

ఆ విధంగా చప్పట్లు బావమరిది పేరిట సంకలనంలో చేరాయి. "వాడి మొహం చూడలేకపోతున్నానండీ," అని అక్క మూతి ముడుచుకోవడంతో, ఆవిష్కరణ సభలో సోలో పూర్తిగా వాయింపజేసి, రెండో ముద్రణలో చేర్చాలని తీర్మానమైంది.

సభలో కంపెనీ అధ్యక్షులు గద్గద స్వరంతో ప్రసంగించారు. "లయ లేనిదే లోకం లేదు. ఈ మహానుభావుడి ఒక్కో దెబ్బా మన గుండె చప్పుడు." అని, టీకి దారితీశారు. సభ యావత్తూ వారిని అనుసరించింది. మిషను మాత్రం కదల్లేదు. అది కొత్తరకం, పక్కన మనిషి లేకపోయినా పని చేసుకుపోతుంది.

బావమరిది ఒళ్లు మరిచి మొదలుపెట్టాడు. కాసేపటికి తలెత్తాడు. కుర్చీల్లో చేతిసంచులున్నాయి, మనుషుల్లేరు. ప్రాణం ఉసూరుమంది. కర్రలు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

వేళకు అందరూ వచ్చి చప్పట్లు కొట్టారు. బావగారు గట్టిగా కావలించుకున్నారు. "ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదురా." ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. బావమరిది ఏదో చెప్పబోయి, కర్రలు సంచిలో సర్దుకున్నాడు.

ఆ సోలో ఇప్పుడు రెండో ముద్రణలో ఉంది. మొదట కాస్త వాయింపు, ఆపైన చాలాసేపు ఏమీ ఉండదు, చివర చప్పట్లు. పత్రికలు అందులోని లయవిన్యాసాన్ని ఆకాశానికెత్తాయి. రసజ్ఞులు కనుక మీరూ కొనే ఉంటారు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు.