ఆమెన్ అనగానే పరుగు

ఆ శనివారం పొద్దున సామ్రాజ్యం వేసుకున్న పథకంలో లోపమంటూ ఏమీ లేదు. నాయుడుపేటలో మొదటి బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే నెల్లూరు చేరతారు. అక్కణ్ణించి మైపాడు బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికి తమ ఊరు మిషనుపాలెంలో దిగుతారు. మొగుడు హెబ్రోనుకు ఇంత చారన్నం పెట్టి, కిటికీలు మూసి, చల్లబడేదాకా నిద్రపుచ్చుతుంది. ఆ తర్వాత అతను లేచి, పరుగుపందెంలో అందరికంటే ముందు వచ్చి, డ్రిల్లు మాస్టరు ఉద్యోగం ఖాయం చేసుకుంటాడు. మొత్తం మీద హెబ్రోను చేయవలసినవి రెండే పనులు. ఒకటి నిద్రపోవడం, రెండు పరిగెత్తడం. ఆ రోజు అతను రెండూ చేసిన మాట నిజమే. ఏది ఎప్పుడు చేయాలన్న దగ్గరే తేడా వచ్చింది.

మిషను బడిలో హెబ్రోనుది టెంపరరీ కొలువు. వేసవి సెలవులతో అది కాస్తా అయిపోయింది. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ ఉద్యోగం పర్మనెంటు చేస్తారని తెలిసి, నెల్లూరు నుంచి క్రీస్తురాజనే ఇంకో కుర్రాడు కూడా అర్జీ పెట్టుకున్నాడు. సంఘానికి పాస్టరూ, బడికి కరస్పాండెంటూ అయిన క్రీస్తుదాసు గారు తగువు లేకుండా ఒక మార్గం ఆలోచించారు. చర్చి వార్షికోత్సవం నాటి సాయంత్రం జరిగే పరుగుపందెంలో ఇద్దరి సత్తా చూసి మరీ తేలుస్తానన్నారు. చర్చి ముందు బయలుదేరి, మైపాడు దాకా పోయి, సముద్రపు నీళ్ళు తాకి తిరిగి రావాలి.

ఉద్యోగం రాకపోతే ఏం జరుగుతుందో సామ్రాజ్యానికి బాగా తెలుసు. నాయుడుపేటలో అన్న రైసుమిల్లు ఉంది. హెబ్రోను అక్కడ బస్తాలు కుట్టించాలి. తానేమో వదిన ఎలిశబెతు చెప్పుచేతల్లో బతకాలి. వదిన చెడ్డది కాదు. చేసిన ప్రతి ఉపకారాన్నీ వీధి చివరి వరకూ వినిపించేలా చెబుతుంది, అంతే. ముందురోజు అన్న బిడ్డను చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేస్తున్నారంటే వెళ్ళక తప్పలేదు. రాత్రంతా పాటలు, ప్రార్థనలు, మధ్య మధ్య కాఫీలు. హెబ్రోను కన్ను మూయలేదు. తెల్లవారి బస్సెక్కుతుంటే వదిన ఆప్యాయంగా అన్నది. "ఎట్లాగూ జూన్‌లో వచ్చేస్తారు గదా, ఆ ట్రంకుపెట్టె ఎందుకు మోసుకోని పోయేది? ఈడే పెట్టి పొండి."

ట్రంకుపెట్టెను సామ్రాజ్యం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కడుపు మండిపోతోంది. ఆ మంటలోనే పక్కసీటు ముసలామెతో తన భర్త డ్రిల్లు మాస్టరని, వందమంది పిల్లల్ని ఒక్క ఈలతో నిలబెడతాడని గొప్పగా చెప్పుకుంది. గూడూరు దాటాక బస్సు ఆగిపోయింది. తొయ్యనిదే కదలదని డ్రైవరు తేల్చాడు. మగవాళ్ళంతా తలా ఒక దిక్కు చూస్తుండగా, ఆ ముసలామె కండక్టరును పిలిచి, ఇక్కడ డ్రిల్లు మాస్టరున్నాడు, ఆయనకు చెబితే అందరినీ వరసలో పెట్టి తోయిస్తాడు అని సలహా ఇచ్చింది.

కండక్టరు హెబ్రోనును దించాడు. అతని మెడలోని ఈల తీసి తన నోట్లో పెట్టుకున్నాడు. కండక్టరు ఈల ఊదడం, హెబ్రోను ముందుండి తొయ్యడం, మిగిలినవాళ్ళు బస్సు మీద చేతులు ఆనించి నిలబడడం, ఇట్లా చాలా దూరం సాగింది. బస్సు నెల్లూరు చేరాక కండక్టరు ఈలతో సహా మాయమయ్యాడు. మైపాడు బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఒక లారీవాణ్ణి బతిమాలుకుని, ఉప్పు గోనెల మధ్య నిలబడి ఇందుకూరుపేట దాకా వచ్చారు. దిగేసరికి ఎండ పడమటికి వాలింది. హెబ్రోను మొహం చూస్తే సామ్రాజ్యానికి ఏడుపొచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయిగాని వాటితో అతను ఏమీ చూస్తున్నట్టు లేదు.

అంతలో దేవుడు పంపినట్టు ముత్యాలయ్య ఎద్దుబండి కనబడింది. ముత్యాలయ్య మైపాడులో చేపలు పట్టుకుని బతికే పట్టపువాడు. చేపల గంపలు ఇందుకూరుపేటలో దించి ఖాళీ బండితో ఇంటికి పోతున్నాడు. తెలిసిన మనిషే. బండి ఆపి, పెట్టె అందుకుని, సామ్రాజ్యాన్ని ఎక్కించుకున్నాడు. ఎక్కుతూ ఆమె ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. సాయంత్రం పందెంలో తన భర్త పరిగెత్తబోతున్నాడని, ఎట్లాగైనా వేళకు చేర్చాలని చెప్పింది.

ముత్యాలయ్య అప్పుడే బండి ఎక్కబోతున్న హెబ్రోనును అడ్డంగా చెయ్యిపెట్టి ఆపాడు. "అయ్యోరా, పందెం పెట్టుకోని బండెక్కుతారా ఎవురన్నా? కాళ్ళు బిగుసుకోని పోవూ? మీరు ఎనకమాల రాండి. నేను కాస్త జోరుగా తోలతా."

అన్నట్టే తోలాడు. హెబ్రోను మొదట నడిచాడు. బండి దూరమయ్యేసరికి పరిగెత్తాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ ఆపమని అరిచాడు. దుమ్ములో ఆ అరుపు ముందుకు రాలేదు. చేతులు ఊపడం మాత్రం కనబడింది. అయ్యోరు మంచి హుషారుగా ఉన్నాడని ముత్యాలయ్య సంతోషపడి ఎద్దుల తోకలు మెలిపెట్టాడు. సామ్రాజ్యం బండిలోంచి ఎంత మొత్తుకున్నా, మొగుడి మీద జాలి మంచిదేగాని ఇప్పుడు కాదని ఆమెకే బుద్ధి చెప్పాడు. పెట్టెను వాటేసుకుని ఆమె వెనక్కి తిరిగి కూర్చుంది. దారిలో కుంటుతూ, ఎగురుతూ వస్తున్నది మొగుడు కాదు, తన బతుకే అనిపించింది. అక్కడే రైసుమిల్లు ఖాయమనుకుంది.

మిషనుపాలెం పండుగ పండుగలాగే ఉంది. చర్చి నుంచి రోడ్డు దాకా రంగుకాగితాల తోరణాలు, బ్యాండుమేళం, పానకం కుండలు. సముద్రపు గాలి అప్పుడే మళ్ళింది. రోడ్డుకు ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు నిలబడ్డారు. మైపాడు పట్టపు కుర్రాళ్ళు లుంగీలు ఎగగట్టి సిద్ధంగా ఉన్నారు. క్రీస్తురాజు తెల్ల బనీను, తెల్ల బూట్లు వేసుకుని, పగలంతా పడుకున్న మనిషి మొహంతో మెరిసిపోతున్నాడు. హెబ్రోను కాళ్ళీడ్చుకుంటూ వచ్చి సరాసరి గీత మీద నిలబడ్డాడు. కూర్చుంటే మళ్ళీ లేవలేడని అతనికీ తెలుసు.

పందెం మొదలుపెట్టడానికి ఈల కావలసి వచ్చింది. ఊళ్ళో ఉన్న ఒక్క ఈల కండక్టరుతో పోయింది. క్రీస్తుదాసు గారు చిరునవ్వు నవ్వి, ఎట్లాగూ ప్రార్థన చేయాలి గనక, ప్రార్థన చివర తాను ఆమెన్ అనగానే అందరూ బయలుదేరాలని చెప్పారు. ఏర్పాటు అందరికీ నచ్చింది.

ప్రార్థన మొదలైంది. పాస్టరు గారు వానల కోసం ఒక మాట అడిగారో లేదో, అలవాటు చొప్పున ఒక సంఘపెద్ద గట్టిగా "ఆమెన్" అన్నాడు. పట్టపు కుర్రాళ్ళు ఒక్కసారిగా లగెత్తారు. వాళ్ళను సగం దారి నుంచి పట్టుకొచ్చి నిలబెట్టేసరికి కొంత పొద్దు పోయింది. ఆగిన ప్రార్థనను ఆగినచోటు నుంచి అందుకోవడం మర్యాద కాదని పాస్టరు గారు మళ్ళీ మొదటికొచ్చారు. ఈసారి నింపాదిగా సాగించారు. వానలు, పంటలు, పడవలు, జిల్లా అధికారులు, రోగులు, విధవరాండ్రు, పరదేశంలోని మిషనరీలు, ఎవరినీ వదల్లేదు.

హెబ్రోను చేతులు జోడించి, తల వంచి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళ వరసలోంచి సామ్రాజ్యం ఓరకంట చూసింది. అతని కింది పెదవి మెల్లగా జారింది. ఆ పెదవి ఎప్పుడు అట్లా జారుతుందో లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు. దగ్గింది. గాజులు గలగలలాడించింది. పక్కనున్నావిడ ప్రార్థనలో అల్లరేమిటని గసిరింది.

పాస్టరు గారు ఆమెన్ అన్నారు. దుమ్ము లేచింది. బ్యాండు మోగింది. జనం కేకలు వేశారు. దుమ్ము అణిగాక చూస్తే గీత మీద హెబ్రోను ఒక్కడే, జోడించిన చేతులు జోడించినట్టే ఉన్నాడు. క్రీస్తుదాసు గారు చాలాసేపు అతన్నే చూసి, చెయ్యెత్తి బ్యాండును ఆపించారు.

"ఎవరూ కదిలించవద్దు," అన్నారు. "అందరూ పరుగు కోసం ప్రార్థన ముగించినారు. ఈ సహోదరుడు ప్రార్థన కోసం పరుగు విడిచిపెట్టినాడు."

జనంలో గుసగుసలు బయలుదేరాయి. బండి విప్పి పండుగ చూడవచ్చిన ముత్యాలయ్య తనకు తెలిసింది తాను చెప్పాడు. "దారి పొడుగునా గూడా అంతేనయ్యా. రెండు చేతులూ ఆకాశానికెత్తి ఏందో అరస్తానే వచ్చినాడు. నాకప్పుడు తెలవలా." ఇద్దరు ముసలమ్మలు కళ్ళు ఒత్తుకున్నారు.

సామ్రాజ్యం ఇక ఆగలేకపోయింది. ఇప్పుడు లేచి పరిగెత్తినా కనీసం మధ్యలో కలుస్తాడేమోనన్న పిచ్చి ఆశ ఒకటి మిగిలింది. ప్రార్థనలో తోడు నిలబడుతున్నట్టు నటిస్తూ అతని వెనక్కి చేరింది. మామూలు పిలుపులకు అతను లేచే రకం కాదు. అందుకని చెవిలో అన్నది. "ఏమండీ, బస్సు పోతా ఉండాది!"

హెబ్రోను లేచాడు. అసలు కళ్ళు తెరిచాడో లేదో ఎవరూ చెప్పలేరుగాని, తన జన్మలో ఎన్నడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తాడు. మైపాడు వైపు కాదు. నెల్లూరు బస్సు ఆగే చింతచెట్టు వైపు. సముద్రం ఇటు కదా, అటు పోతాడేమని సంఘపెద్ద అడిగాడు. కీర్తిని చూసి పారిపోతున్నాడని క్రీస్తుదాసు గారు బదులు చెప్పారు. సామ్రాజ్యం రోడ్డు మీదే చతికిలబడింది. పొద్దున్నించి తను నోరు తెరిచిన ప్రతిసారీ మొగుణ్ణి ఎక్కడో ఒకచోట పరిగెత్తించింది. పందెంలో తప్ప.

క్రీస్తురాజు అందరికంటే ముందు తిరిగొచ్చాడు. కప్పు అతని చేతికిచ్చి, డ్రిల్లు మాస్టరు ఉద్యోగం అతనిదేనని పాస్టరు గారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. సామ్రాజ్యానికి ఏమీ వినబడలేదు. వదిన వాకిట్లో నిలబడి ట్రంకుపెట్టెను చూసి నవ్వుతున్నట్టు కనబడింది. ఆమెకు నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి.

చప్పట్లు ఆగాక క్రీస్తుదాసు గారు మళ్ళీ మొదలుపెట్టారు. జువ్వలదిన్నె సంఘానికి ఆదివారం ప్రసంగం చెప్పే ఉపదేశి ఏడాదిగా లేడు. చర్చి పక్కనే ఇల్లుంది, పెరడుంది, జీతముంది. తగిన మనిషి కోసం ఎదురుచూస్తున్నారు. ఆ మనిషిని దేవుడు ఈ సాయంత్రం గీత మీద నిలబెట్టి చూపించాడు. ఇటువంటివాణ్ణి పిల్లల చేత గంతులు వేయించే పనిలో పెట్టడం పాపం. "ఏమమ్మా, మీ ఆయన తరఫున నీవు చెప్పు. ఒప్పుకున్నట్టేనా?"

ఊరంతా ఆమె వైపు తిరిగింది. హెబ్రోను చర్చిలో ఒక ప్రకటన చదవాలన్నా చెమటతో చొక్కా తడుపుకునే మనిషి. ప్రసంగమంటే జ్వరమే వస్తుంది. నిజం చెబితే రైసుమిల్లు. చెప్పకపోతే ప్రతి ఆదివారమూ గండం, ఎప్పటికైనా బయటపడుతుందన్న భయం. సామ్రాజ్యం నోరు తెరిచింది. ఆ రోజు జరిగిందంతా గుర్తొచ్చి మూసుకుంది. తల వంచింది. చెంపల మీద తడి చూసి, అది ఆనందమని అందరూ స్తోత్రాలు చెప్పారు.

చింతచెట్టు కింద నెల్లూరు బస్సు ఆగి ఉంది. వెనకసీటులో హెబ్రోను కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. సామ్రాజ్యం మోసుకొచ్చిన ట్రంకుపెట్టెను పక్కన దించి, అతని భుజం పట్టి కుదిపి, కూర్చోబెట్టి, సంగతంతా చెప్పింది. అతను విన్నాడు.

"పందెంలో ఓడిపోతే ఓడిపోయినా. ఉపదేశి ఏంది సామ్రాజ్యం? నాకు జనం ముందర మాట వస్తుందా? ఏం చెప్పాల, ఎట్లా చెప్పాల?"

సామ్రాజ్యం ట్రంకుపెట్టెను అతని నెత్తికెత్తి, తాను ముందుగా బస్సు దిగింది.

"మీరు కళ్ళు మూసుకోని నిలబడండి. మిగతాదంతా వాళ్ళే అనుకుంటారు."