ఊట మూసిన రోజు

ఆ రోజు పొద్దున సూపర్‌వైజరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనాల వేళకి పెద్ద ఇంజనీరమ్మ చెరువు కట్ట చూడటానికి వస్తుంది. ఆవిడ వచ్చేలోగా కట్ట మీద గడ్డి కోయించాలి, హద్దురాళ్ళకు సున్నం కొట్టించాలి, తను గడ్డం గీసుకోవాలి. అంతే.

కట్ట చిన్నదే కానీ ఆయన పుట్టకముందు పోసిన మట్టికట్ట. దాని వెనక నిండుగా నీళ్ళు, ముందు ఆయన క్వార్టరు, క్వార్టరు దాటితే ఇళ్ళు, ఒక బడి. కట్ట మీద నిలబడితే ఆ ఇళ్ళ కప్పులు నీటిమట్టం కన్నా కిందికి కనిపిస్తాయి. కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళు ఆ సంగతి గమనించి కొన్నాళ్ళు కంటినిండా నిద్రపోరు. తర్వాత అలవాటుపడిపోతారు. సూపర్‌వైజరు గారు అలవాటుపడి చాలా ఏళ్ళయింది.

గడ్డి కోయడమే కొంప ముంచింది. కట్ట అడుగున ఒక పాత గొట్టం ఉంది. అందులోంచి వేలెడు లావు ధార ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. సూపర్‌వైజరు గారి అత్తగారు రోజూ బట్టలుతికేది అక్కడే. ఇంతకాలం గడ్డి చాటున ఒదిగి ఉన్న ఆ ధార ఒక్కసారిగా ఎండలో తళతళలాడేసరికి ఆయన గుండెల్లో రాయి పడింది. కట్టలోంచి నీళ్ళు కారడం పైవాళ్ళ కంటపడితే తన ఉద్యోగం కూడా ఆ దారినే పోతుందనుకున్నాడు. తూము చూసుకునే లస్కరును పిలిచి, గోనెసంచులు, బంకమన్ను తెమ్మన్నాడు.

అత్తగారు సబ్బు చేత్తోనే అడ్డం వచ్చింది. "అది మూసేస్తే ఈ బట్టలన్నీ ఎక్కడ ఉతకను బాబూ?"

"ఈ ఒక్క పూట ఓపిక పట్టండి అత్తయ్యా. ఆవిడ అటు వెళ్ళగానే తీసేస్తాను."

గొట్టంలో గోనెసంచులు కుక్కి, పైన బంకమన్ను మెత్తారు. ధార ఆగిపోయింది. సూపర్‌వైజరు గారు తృప్తిగా గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు.

నీరు పల్లమెరుగు అన్నది ఆయనకు చిన్నప్పటినుంచి తెలిసిన సామెతే. పల్లానికి దారి మూసేస్తే ఏమెరుగుతుందో సామెతలో చెప్పలేదు. ఒక చెంప గీసుకుని మరో చెంపకు నురగ రాసుకుంటూ ఉండగా లస్కరు పరిగెత్తుకొచ్చి, గొట్టానికి పైన కట్ట ఒంటి మీదే, కాస్త చదునుగా ఉన్నచోట, తడి కనిపిస్తోందని చెప్పాడు. ఇసుక చల్లించారు. ఇసుక నల్లబడింది. టార్పాలిన్ పరిపించారు. అప్పుడు ఆయన భార్య వచ్చి చూసి, పచ్చటి కట్ట మీద నీలం టార్పాలిన్ కన్నా తడే నయమంది.

"ఉత్త పట్టా వేస్తే కింద ఏం దాచారని అడుగుతారు. పైన టెంటు వేసి నాలుగు కుర్చీలు వేయండి, మర్యాద చేశారంటారు."

ఆయనకు ఆ మాట దివ్యంగా తోచింది. టెంట్లు అద్దెకిచ్చేవాడికి కబురెళ్ళింది. వాడు టెంటుతోపాటు, అడగకపోయినా అలవాటు కొద్దీ మైకు కూడా తెచ్చి బిగించాడు.

ఊళ్ళో టెంటు లేస్తే అడిగేవాళ్ళుండరు, వచ్చేవాళ్ళే ఉంటారు. సూపర్‌వైజరు గారికి బదిలీ అయిందని, ఇది వీడ్కోలు సభ అని ఎవరన్నారో తెలియదు గానీ ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. పంతులమ్మ బడిపిల్లల్ని వరసగా తీసుకొచ్చి కూర్చోబెట్టింది. మైకు ఖాళీగా ఉండటం చూసి కిరాణా కొట్టాయన లేచాడు. మంచివాడు, సూపర్‌వైజరు గారంటే నిజంగా అభిమానం ఉన్నవాడు. మైకును రెండు చేతులా పట్టుకుని, ఆయన మనందరికీ తలలో నాలుకలా ఉండేవారని, ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదని, ఇక అటువంటి మనిషిని మనం చూడబోమని చెప్పాడు.

ఆ మాటలు మైకులోంచి రెండు వీధుల అవతలికి వినిపించాయి. అక్కడ సూపర్‌వైజరు గారి బావమరిది సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాడు. ఉండేవారు, అనేవారు, చూడబోము అన్న మూడు ముక్కలే అతని చెవిన పడ్డాయి. పంపు అక్కడే పారేసి ఏడుస్తూ వచ్చిపడ్డాడు. కొడుకు ఏడవడం చూసి అత్తగారు, ఎందుకో తెలియకుండానే, కొంగు నోట్లో కుక్కుకుంది. సగం గడ్డంతో, మెడ మీద తువ్వాలుతో, పోయినవాడే వచ్చి బావమరిదిని ఓదార్చాల్సి వచ్చింది.

ఇంజనీరమ్మ జీపు దిగేసరికి దృశ్యం అది. ఎవరో పోయినట్టున్నారని ఆవిడ తల వంచుకుని కాసేపు నిలబడింది. తర్వాత సూపర్‌వైజరు గారు చూపించిన మధ్య కుర్చీలో కూర్చుంది. కుర్చీ వెనక కాళ్ళు మెల్లగా భూమిలోకి దిగాయి. ఆవిడ లేచి నిలబడి, కుర్చీని, నేలను, సూపర్‌వైజరు గారి ముఖాన్ని వరసగా చూసి, వంగి టార్పాలిన్ అంచు ఎత్తింది.

కింద తడి లేదు. నీళ్ళున్నాయి. టీ రంగులో, ఉడుకుతున్నట్టు బుడబుడలాడుతూ, కట్ట మట్టిని కొంచెం కొంచెంగా బయటికి తోస్తున్నాయి.

"ఇక్కడ ఏం చేశారు?" అని అడిగింది ఆవిడ. గొంతు పెంచలేదు.

ఆయన దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. పిల్లలు కాళ్ళు కడుక్కున్నారనవచ్చు, అత్తగారు బట్టలు ఉతికిందనవచ్చు. నోరు తెరిచి పక్కకు చూశాడు. వరసగా కూర్చున్న పిల్లలు కనిపించారు. వాళ్ళ వెనక బడి కప్పు, దాని వెనక ఇళ్ళ కప్పులు, అన్నీ నీటిమట్టానికి కిందే. ఎన్నో ఏళ్ళ కిందట మరిచిపోయిన భయం ఒక్కసారిగా ఆయన కాళ్ళలోకి వచ్చింది.

"పొద్దున ఊటగొట్టం మూయించానండీ. గోనెసంచులు, బంకమన్ను పెట్టి. మీకు కనపడకూడదని."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. మైకు తీసుకుని, పిల్లల్ని, పెద్దవాళ్ళని ముందు మెరక మీది రోడ్డుకు తీసుకెళ్ళమని, కింద ఇళ్ళల్లో ఉన్నవాళ్ళను పిలుచుకురమ్మని, బలం ఉన్నవాళ్ళు ఇసుక, కంకర మొయ్యమని నింపాదిగా చెప్పింది. జనం అప్పటికే పోగై ఉన్నారు కాబట్టి ఇంటింటికీ తిరిగే పని చాలావరకు తప్పింది. చెరువు నీళ్ళు వదలడానికి లస్కరు, బావమరిది కలిసి తుప్పుపట్టిన తూము మరను గడ్డపారలతో మెడలు విరిచినట్టు తిప్పారు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా బావమరిదికి చెయ్యి ఖాళీ లేదు.

"ఈ ఊటబుగ్గను మూయకండి. పైన ఇసుక, దాని మీద కంకర పొయ్యండి. నీళ్ళు రావాలి, మట్టి రాకూడదు" అంది ఇంజనీరమ్మ.

సూపర్‌వైజరు గారు ఎవరూ చెప్పకుండానే బురదలో బోర్లా పడుకుని గొట్టంలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. పొద్దున ఎంత శ్రద్ధగా కుక్కించాడో అప్పుడు తెలిసింది. ఒక్కో సంచీ పీకుతుంటే గోళ్ళు చీరుకుపోయాయి. ఆఖరి సంచీతోపాటు ఎర్రటి నీళ్ళు ముఖాన కొట్టాయి. ఆయన తల తిప్పుకోలేదు. ఆ నీటి రంగునే చూస్తూ పడుకున్నాడు.

పొద్దు వాలేవేళకి చెరువు మట్టం దిగింది. కంకర మీద బుడగలు ఆగాయి. గొట్టంలోంచి వచ్చే నీళ్ళు ముందు ఎరుపు, తర్వాత పసుపు, చివరికి తేటగా మారాయి. రోడ్డు మీదనుంచి జనం మెల్లగా దిగి వచ్చారు. అత్తగారు ఆ నీళ్ళే చెంబుతో పట్టి అల్లుడి చేతులు కడిగింది. చిన్నపిల్లాడికి కడిగినట్టు కడిగింది. ఆయన తలెత్తలేదు.

ఇంజనీరమ్మ వచ్చి ఆయన పక్కనే రాయి మీద కూర్చుంది.

"నేను ఇంతదూరం ఎందుకొచ్చాననుకున్నారు? ఈ ధార చూద్దామనే. ముసలికట్టకి ఊట ఉంటుంది, ఆ ఊట ఇలా తేటగా ఉండాలి. ఈ కట్ట విషయంలో నాకున్న ధైర్యమల్లా అదే. అంతా బాగుంది అని రాసి వెళ్ళిపోదామని వచ్చాను."

ఆయన సగం గడ్డం మీద బురద ఎండి పెళుసుబారింది.

కట్ట బలహీనంగా ఉందని ఆవిడ పైకి రాసింది. చెరువు సగానికి మించి నింపకూడదని ఆదేశం వచ్చింది. బాగుచేయడానికి మనుషులు కూడా, మొదటిసారిగా, చెప్పిన వారానికే వచ్చారు. సూపర్‌వైజరు గారికి ఈసారి నిజంగానే బదిలీ తప్పదని ఊరంతా అనుకుంది. కిరాణా కొట్టాయన మళ్ళీ మాట్లాడటానికి సిద్ధమయ్యాడు కూడా. కానీ సూపర్‌వైజరు గారిని కదపలేదు: ఆ కట్టలో ఎక్కడెక్కడ ఏమేం మూసి ఉన్నాయో తెలిసిన మనిషి ఆయనొక్కడేనని పైవాళ్ళకు అర్థమైంది.